తొలి నక్షత్రాల పరిశోధన: ఇంటర్ తర్వాత దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతోంది. విశ్వంలో తొలి నక్షత్రాల నుంచి భారీ కృష్ణబిలాల జంటలు పుట్టి, చివరికి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండవచ్చని ఎక్కడో చదివింది. అదే పరిశోధన చేస్తానంటోంది. ఏం చదివించాలి? బతుకుతెరువు ఉంటుందా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ముందు ఆ అంశంలో చిక్కు ఎక్కడుందో చూడండి, చదువు దాన్నిబట్టే తేలుతుంది. తొలి నక్షత్రాల్లో ఉన్నది దాదాపుగా హైడ్రోజన్, హీలియం మాత్రమే. భార మూలకాలు లేక వాయువు అంతగా చల్లబడలేదు, పెద్ద ముద్దలుగానే కుంచించుకుంది. అందుకే ఆ నక్షత్రాల్లో చాలావాటి బరువు సూర్యుడికి పదుల, వందల రెట్లు ఉండేదని సిమ్యులేషన్లు చెబుతున్నాయి. అసలు సమస్య దూరం. 30 సూర్యుల బరువున్న రెండు కృష్ణబిలాలు గుండ్రటి కక్ష్యలో తిరుగుతూ 1,380 కోట్ల ఏళ్లలో (విశ్వం వయసు అంతే) కలవాలంటే వాటి మధ్య సుమారు 3.3 కోట్ల కిలోమీటర్లకు మించి ఉండకూడదు. దూరం రెట్టింపైతే సమయం 16 రెట్లు! నక్షత్రాలుగా ఉన్నప్పుడే అంత దగ్గరుంటే, ఉబ్బి ముందే కలిసిపోవచ్చు. మరి దూరంగా పుట్టినవి ఎలా దగ్గరయ్యాయి? ద్రవ్యం ఒకదాని నుంచి ఇంకోదానికి పోయిందా, పక్క నక్షత్రాలు నెట్టాయా? లక్షల జంటలను కంప్యూటర్లో నడిపి దీన్నే వెతుకుతారు.

అంటే మీ అమ్మాయికి టెలిస్కోపు కన్నా మెకానిక్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, స్టాటిస్టిక్స్, పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) ముఖ్యం.

ఐఐఎస్ఈఆర్‌లలో (సైన్స్ చదువు, పరిశోధనల కోసం కేంద్రం నడిపే సంస్థలు; తిరుపతిలోనూ ఒకటుంది) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిపి) నేరుగా సరిపోయే దారి. ప్రవేశ పరీక్ష ఐఏటీ 60 ప్రశ్నల్లో 15 బయాలజీవి, నెగటివ్ మార్కులూ ఉంటాయి. ఎంపీసీ పిల్లలు దెబ్బతినేది అక్కడే. కనీసం పదో తరగతి బయాలజీ మళ్లీ తిరగేయించండి. సీటు రాకపోతే ఫిజిక్స్, మ్యాథ్స్‌తో డిగ్రీ, జామ్ (ఐఐటీల వంటి చోట్ల ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష) రాసి ఎంఎస్సీ, తర్వాత జెస్ట్ లేదా నెట్ అనే జాతీయ పరీక్షలతో పీహెచ్‌డీ. బీటెక్ చేశాక మారినా దారి మూసుకుపోదు, కానీ క్వాంటమ్ మెకానిక్స్ సొంతంగా చదువుకోవాలి. అది తేలిక కాదు.

బతుకుతెరువు సంగతి దాచకుండా చెప్పాలి. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థికిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. స్థిరమైన ఉద్యోగం 30 దాటాకే, పోస్టులు తక్కువ. అయితే మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియాకు (కృష్ణబిలాలు కలిసినప్పుడు పుట్టే గురుత్వ తరంగాలను పట్టే కేంద్రం) 2023లో సుమారు 2,600 కోట్ల రూపాయలతో కేంద్రం ఆమోదం తెలిపింది. పరిశోధన వదిలేసినా ఆ కోడింగ్, స్టాటిస్టిక్స్ డేటా ఉద్యోగాలకు పనికొస్తాయి.

పరీక్షలయ్యాక వేసవిలో 2015 సెప్టెంబరు 14 నాటి అమెరికా లైగో డేటాను (ఉచితమే) దించుకుని, రెండు కృష్ణబిలాలు కలిసినప్పుడు వచ్చిన గురుత్వ తరంగాన్ని పైథాన్‌లో గీయమనండి. రోజుల తరబడి ఎర్రర్లు వస్తున్నా వదలకుండా కూర్చుంటే, ఈ దారి ఆమెకు సరిపోతుందనుకోండి.