కేక్‌లో వెన్న బదులు పెరుగు: నా అనుభవం

"కేక్‌లో వెన్న బదులు పెరుగు వేయొచ్చా, ఎంత వేయాలి, ఇంట్లో పెద్దాయనకి కొలెస్ట్రాల్ ఉంది" అని అడిగారు కదా. వేయొచ్చండీ, నేను ఆరేళ్ళుగా వేస్తున్నా. కాకపోతే వెన్న ఎంతో పెరుగూ అంతే అని వీడియోల్లో చెప్తుంటారు చూడండి, అది మాత్రం నమ్మకండి.

నేను నమ్మాను, అదీ మా నాన్న అరవయ్యో పుట్టినరోజు నాడు. విజయవాడలో మే నెల ఎండలు, నెల ముందే డాక్టర్ గారు వెన్న, నెయ్యి తగ్గించమన్నారు, బయట కేక్ తెస్తే పైన మందంగా క్రీమే ఉంటుంది కదా అని నేనే పూనుకున్నా. 200 గ్రాముల వెన్నకి 200 గ్రాముల పెరుగు గిన్నెలోంచి తీసి అలాగే పోసేశా, ఉండలు ఉండకూడదని మైదా వేశాక బీటర్‌తో పది నిమిషాలు తిప్పా. పైకి చక్కగా పొంగింది. కోస్తే చాకుకి జిగురు అంటుకుంటోంది, అడుగున వేలెడు మందాన పచ్చిగా, జున్నుముక్కలా ఉంది. నాన్న ఏమీ అనకుండా రెండు ముక్కలు తిన్నారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం మా పిన్ని వచ్చి ముక్క నోట్లో వేసుకుని "పెరుగులో ఉన్నవన్నీ నీళ్ళేనే, గుడ్డలో మూటకట్టి వేలాడదీయకుండా ఎలా పోశావే" అంది. ఆవిడ ఓవెన్ ముట్టుకున్న మనిషి కాదు, కానీ చెప్పింది అక్షరాలా నిజం. వెన్నలో 80 శాతం కొవ్వుంటే మనింటి పెరుగులో 3, 4 శాతమే. ఆ కొవ్వే మైదాని సాగనివ్వకుండా ఆపేది, అది లేకుండా తడి పోసి తిప్పితే పరోటా పిండిలా సాగిపోతుంది. వెన్న, పంచదార కలిపి గిలక్కొడితే లోపల గాలి పట్టుకుంటుంది, పెరుగుకి ఆ శక్తి లేదు, ఆ పని వంటసోడాతో చేయించుకోవాలి. పెరుగులో పులుపు సోడాకి తగలగానే గ్యాస్ వస్తుంది కాబట్టి పిండి కలిపాక ఫోన్ వచ్చినా ఎత్తకండి, వెంటనే ఓవెన్లో పెట్టేయండి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ: 100 గ్రాముల వెన్న ఉన్న చోట మూడు గంటలు మూటకట్టిన పెరుగు 70 గ్రాములు, వాసన లేని నూనె 2 టేబుల్ స్పూన్లు, పావు టీస్పూన్ సోడా. నూనె ఎందుకు అంటారేమో, ఆ కాస్త కూడా లేకపోతే మర్నాటికి కేక్ రబ్బరే. బేకింగ్ పౌడర్ ఎప్పుడూ వేసేంతే. మైదా పడ్డాక గరిటెతో నెమ్మదిగా, పొడి కనపడనంత వరకే కలపాలి.

ఈ కొలతలు చెప్పేవాళ్ళతో ఇంకో బాధ, "ఒక కప్పు" అంటారు, ఎవరింటి కప్పు? మా ఇంట్లోనే నాలుగు సైజులున్నాయి. గ్రాముల్లో చెప్తే ఏం పోతుంది? పైగా పెరుగు వేశాం కాబట్టి హెల్దీ అంటూ పంచదార రెండు కప్పులు పోయిస్తారు, పెద్దవాళ్ళకి పెట్టే తిండి విషయంలో అలా చెప్పడం చాలా తప్పు.

బిస్కెట్లకి మాత్రం పెరుగు వద్దు. ఉస్మానియా బిస్కెట్ నోట్లో అలా విడిపోయేది వెన్న వల్లే, పెరుగు వేస్తే బన్నులా మెత్తగా వస్తాయి, నేను రెండుసార్లు చేసి చూశా. మీ పెద్దాయనకి బిస్కెట్ ఇష్టమైతే వెన్నతోనే చేసి ఒక్కటి పెట్టండి. కేక్ అయితే పూర్తిగా చల్లారాకే కోయండి, తడి ఎక్కువ కాబట్టి మన ఎండలకి మర్నాటి నుంచి ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.