గబ్బిలాల కూత అప్పటికప్పుడు వినాలంటే...

ప్రశ్న: మాది మల్కాజిగిరి. పొద్దుగూకగానే మా మేడ మీద చిన్న గబ్బిలాలు తిరుగుతాయి. వాటి కూత అప్పటికప్పుడు వినాలని ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోరిక. ఫోన్‌లో ఉచిత యాప్ వేసి చూశాం, ఏమీ వినబడలేదు. వెయ్యి రూపాయల లోపు మార్గం ఉందా?

జవాబు: ఉంది. ఆ యాప్‌ను తప్పుపట్టకండి. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని అందుకోలేదు. పురుగులను వేటాడే చిన్న గబ్బిలాల కూతలు చాలావరకు అంతకు పైనే ఉంటాయి. ఫోన్ మామూలుగా సెకనుకు 48,000 శాంపిళ్లు (ధ్వని కొలతలు) తీసుకుంటుంది కనుక అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ వరకే నమోదు చేయగలదు. ఫోన్‌లోకి చేరని ధ్వనిని ఏ యాప్ అయినా ఎలా వినిపిస్తుంది?

రికార్డు చేసి పది రెట్లు నెమ్మదిగా వినే పద్ధతిలో ఒక్క సెకను కూతకు పది సెకన్లు పడుతుంది కాబట్టి అది మీ అమ్మాయి కోరికకు సరిపోదు. అప్పటికప్పుడు వినడానికి ఒక దారి హెటిరోడైన్: 45 కిలోహెర్ట్జ్ కూతతో 43 కిలోహెర్ట్జ్ తరంగాన్ని కలిపితే తేడాగా వచ్చే 2 కిలోహెర్ట్జ్ మనకు వినబడుతుంది. 1938లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్ గబ్బిలాల అతిధ్వనులను (మన చెవికి అందని ధ్వనులను) పసిగట్టింది భౌతికశాస్త్రవేత్త జి.డబ్ల్యూ. పియర్స్ తయారుచేసిన ఇటువంటి పరికరంతోనే. అయితే రేడియోలో స్టేషన్ పట్టినట్టు నాబ్ తిప్పుతూ ఉండాలి. రెండో దారిలో వచ్చిన ధ్వనిని నేరుగా 16తో భాగిస్తాం. 45 కిలోహెర్ట్జ్ కూత సుమారు 2.8 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. కూత ఎంత బిగ్గరగా ఉందో ఇందులో తెలియదు, కానీ తిప్పవలసిన నాబ్ లేదు. మొదటి ప్రయత్నానికి దీన్నే ఎంచుకోమంటాను.

సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 మాడ్యూల్ మీద రెండు కళ్లలా కనిపించే డబ్బాల్లో ‘ఆర్’ గుర్తు ఉన్నదాన్ని ఊడదీస్తే అదే మీ మైకు. దానితోపాటు సిగ్నల్‌ను పెంచే టీఎల్072, 16తో భాగించే కౌంటర్ సీడీ4040 అనే ఐసీలు, ఒక ప్రీసెట్ (తిప్పి సవరించే చిన్న రెసిస్టర్), కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ తీసుకోండి. టీఎల్072కు బదులు ఎల్‌ఎం358 ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. 40 కిలోహెర్ట్జ్ దగ్గర దానికి మనకు కావలసినంత గెయిన్ ఇచ్చే, అంటే సిగ్నల్‌ను అన్ని రెట్లు పెంచే శక్తి లేదు. టీఎల్072లోని రెండు ఆంప్లిఫయర్లను ఒక్కొక్కటి 50 రెట్ల చొప్పున వరుసగా కలిపి, వచ్చిన సిగ్నల్‌ను సీడీ4040 పదో పిన్‌కు ఇవ్వాలి. ఐదో పిన్ నుంచి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఇయర్‌ఫోన్‌కు తీసుకోవాలి. పదకొండో పిన్‌ను గ్రౌండ్‌కు కలపడం మరిచిపోతే కౌంటర్ కదలదు, చిన్న శబ్దమైనా రాదు. కౌంటర్‌కు వెళ్లే వోల్టేజిని ప్రీసెట్‌తో సవరిస్తూ, ఇయర్‌ఫోన్‌లో బరబర సరిగ్గా ఆగే చోట వదిలేయండి.

మేడ ఎక్కే ముందు తాళాల గుత్తిని మైకు ఎదుట ఆడించి చూడండి. తాళాల గలగలలో అతిధ్వనులు దండిగా ఉంటాయి కనుక టకటకమని శబ్దం రావాలి. మైకు 40 కిలోహెర్ట్జ్ చుట్టూ చాలా ఇరుకైన పట్టీనే వింటుంది, నిజమే. కానీ చాలా గబ్బిలాల కూత పైనుంచి కిందికి జారుతూ ఆ పట్టీని దాటుతుంది కాబట్టి ఒక్కో కూత ఒక్కో ‘టిక్’గా వినబడుతుంది. దీపం దగ్గర పురుగును గబ్బిలం సమీపించేకొద్దీ ఆ టిక్కులు దగ్గరపడి, చివరికి ‘జుర్ర్’మని ఒకటైపోతాయి. ఆ క్షణాన్ని మొదటిసారి విన్న రాత్రి నేను చాలాసేపు మేడ దిగలేకపోయాను.

ఎల్‌ఈడీ దీపాల డ్రైవర్లకూ ఫోన్ చార్జర్లకూ దూరంగా నిలబడండి. వాటి విద్యుత్ రొద కూతలను మింగేస్తుంది. చెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాల వైపు మైకు పెట్టి, ఏమీ రాలేదని పరికరాన్ని విప్పేయకండి. అవి కూతలతో కాకుండా చూపుతో, వాసనతో దారి వెతుక్కుంటాయి.