తాళి ముందు, కార్డు తర్వాత

చి. కిరణ్‌కి,

మామయ్య ఆశీస్సులు. సంబంధం ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. అయితే "గ్రీన్ కార్డు చేతికొచ్చాకే ముహూర్తం పెట్టుకుందాం, అప్పుడైతే ఏ టెన్షనూ ఉండదు" అంటున్నావట. ఈ ఉత్తరం ఆ మాట గురించే. నీ లెక్క తలకిందులుగా ఉంది నాయనా. నీ 485, అంటే అమెరికాలో నువ్వు వేసిన గ్రీన్ కార్డు అప్లికేషన్ (ఐ-485), అప్రూవ్ అయ్యేలోపే పెళ్ళి అయిపోవాలి.

ఎందుకో చెప్తాను. నీ కార్డు అప్రూవ్ అయిన రోజుకి ఆమె నీ భార్య అయి ఉంటే, నీ 2014 ప్రయారిటీ డేటే, అంటే గ్రీన్ కార్డు వరుసలో నీ స్థానం చెప్పే తేదీయే, ఆమెకూ వర్తిస్తుంది. అప్పటికి ఆమె ఖమ్మంలోనే ఉన్నా పరవాలేదు. లాయర్లు 'ఫాలో టు జాయిన్' అనేది దీన్నే. నువ్వు ఇక్కడ ఐ-824 అనే ఫారం వేస్తే, ఆమె కేసు ముంబై కాన్సులేట్‌కి వెళ్తుంది. అదే, కార్డు అప్రూవ్ అయిన మర్నాడు తాళి కట్టావనుకో, ఆ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు భార్య కోసం ఐ-130 అనే పిటిషన్ వేసి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ భార్యాపిల్లలకి ఉండే ఎఫ్2ఏ వరుసలో మొదటినుంచి నిలబడాలి. అది నెలల్లో తేలే వ్యవహారం కాదు. ఈలోగా హెచ్4 (హెచ్1 వాళ్ళ భార్యాపిల్లలకి ఇచ్చే వీసా) మీద తెచ్చుకుందామంటే, కార్డు వచ్చాక నీకు హెచ్1 (ఉద్యోగ వీసా) ఉండదు కదా. విజిటర్ వీసాకి వెళ్తే, భర్త అక్కడే స్థిరపడ్డాడు, ఈవిడ తిరిగి రాదని ఆఫీసర్ తిరస్కరణ కాగితం చేతిలో పెట్టి పంపే అవకాశమే ఎక్కువ. నీకు సిటిజన్‌షిప్ వస్తే ఆ వరుసతో పని ఉండదు గానీ, దానికి మామూలుగా అయిదేళ్ళు ఆగాలి.

2007 జూలైలో ఏం జరిగిందో నీకు తెలియదు, అప్పటికి నువ్వింకా ఇంజనీరింగ్‌లో కూడా చేరలేదు. ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో, ఆ నెల ఎంప్లాయ్‌మెంట్ కేటగిరీలు దాదాపు అన్నీ ఒక్కసారిగా కరెంట్ (అంటే వంతు వచ్చినట్టే) అన్నారు, మధ్యలో లేదన్నారు, చివరికి ఆగస్టు 17 దాకా అప్లికేషన్లు తీసుకున్నారు. న్యూజెర్సీ ఎడిసన్‌లో మా చుట్టుపక్కల పెళ్ళికాని కుర్రాళ్ళందరూ ఎగబడి ఒంటరిగా 485లు వేసేశారు. ఆ తర్వాత డేట్లు వెనక్కి పోయాయి. వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని భార్యల్ని హెచ్4 మీద తెచ్చుకున్నారు గానీ, ఆ అమ్మాయిలు తమ 485 వేయాలంటే మళ్ళీ డేటు కరెంట్ అయ్యేదాకా ఆగాల్సిందే. హెచ్4 వాళ్ళలో కొందరికి వర్క్ పర్మిట్ ఇవ్వడం 2015లో గానీ మొదలవలేదు. ఎంటెక్‌లు చదివిన వాళ్ళు అన్నేళ్ళూ వంటింట్లోనే ఉండిపోయారు. 2020 అక్టోబరులో ఫైలింగ్ డేట్లు (అప్లికేషన్ వేయడానికి చూసే తేదీలు) ముందుకు దూకినప్పుడు నువ్వు వేసిందీ అలా ఒంటరి అప్లికేషనే.

నీ అప్లికేషన్‌లో ఆమె పేరు ఎలా చేర్చాలని అమ్మని అడిగావట. నీ ఫారంలో ఎక్కించేది ఏమీ ఉండదు. ఆమె హెచ్4 మీద ఇక్కడికి వచ్చాక తన పేరు మీద విడిగా ఐ-485 వేస్తుంది. దానికి నీ ఐ-140 (కంపెనీ నీ కోసం వేసిన పిటిషన్) అప్రూవల్ కాపీ, నీ 485 రిసీట్, మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేస్తారు. ఆమె వేసే నెలలో నీ ప్రయారిటీ డేటు కరెంట్ అయి ఉండాలి, అది మాత్రం తప్పనిసరి. బులెటిన్‌లో ఉండే రెండు చార్టుల్లో (కార్డు ఇవ్వడానికి చూసే ఫైనల్ యాక్షన్ డేట్లు, అప్లికేషన్ వేయడానికి చూసే ఫైలింగ్ డేట్లు) ఆ నెల ఏది చూడాలో యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసు) తన సైట్‌లో పెడుతుంది, అది చూసుకో. మెడికల్ రిపోర్టు తర్వాత ఇస్తామంటే కుదరదు, 2024 డిసెంబరు 2 నుంచి దాన్ని 485తో పాటే పెట్టాలి. మనవాళ్ళలో టీబీ రక్త పరీక్ష పాజిటివ్ రావడం మామూలే, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అమ్మాయి భయపడకుండా ముందే చెప్పి ఉంచు.

ఇంకో ముఖ్యమైన సంగతి, హెచ్1 వదలొద్దు. నీ దగ్గర ఈఏడీ (485 మీద వచ్చిన వర్క్ పర్మిట్) ఉంది, కొత్త కంపెనీ దాని మీదే చేరమంటోందని విన్నాను. నువ్వు హెచ్1లో లేకపోతే ఆమెకి హెచ్4 ఎక్కడినుంచి వస్తుంది? జీతం నాలుగు డాలర్లు తక్కువైనా హెచ్1 ట్రాన్స్‌ఫర్ చేసే కంపెనీనే చూసుకో. పెళ్ళికి ఇండియా వెళ్ళేటప్పుడు కూడా ఇదే నిన్ను కాపాడుతుంది. చెల్లుబాటయ్యే హెచ్1 వీసాతో వెళ్ళొస్తే పెండింగ్‌లో ఉన్న 485కి ఢోకా లేదు. అది లేకుండా, అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) కూడా తీసుకోకుండా విమానం ఎక్కితే, 485 వదులుకున్నట్టే లెక్క.

ఇక పెళ్ళి సంగతి. మూఢం వెళ్ళాకే చేద్దామని అమ్మాయి వైపువాళ్ళు అంటున్నారట. మూఢంలో చేయమని నేనూ అనను, దానికి ముందే ఒక చిన్న ముహూర్తం చూడమని అడుగు. గుడిలో పదిమంది మధ్య తాళి కట్టు, ఫంక్షన్ హాలు, వెయ్యిమందికి భోజనాలు తర్వాత తీరిగ్గా పెట్టుకోండి. అంతేగాని, "ముందు రిజిస్టర్ చేయించేసి, పెళ్ళి తర్వాత చేసుకుంటాం" అని మాత్రం అనొద్దు. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళినే రిజిస్టర్ చేస్తారు. పెళ్ళి తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే అది పెళ్ళి కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పెళ్ళి జరిగిన చోట అది చెల్లుతుందా లేదా అన్నదే అమెరికా వాళ్ళూ చూస్తారు. తంతు వద్దనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, కానీ దానికి 30 రోజుల నోటీసు పెట్టాలి. లీవ్ పెట్టుకుని వచ్చే నీకది సాగదు. జూమ్‌లో చేసుకుందామన్న ఆలోచన ఎవరైనా చెప్తే అసలు వినకు.

తాళి కట్టిన వారంలోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళండి. శుభలేఖ, ఫోటోలు, ఇద్దరి పాస్‌పోర్టులు, సాక్షులు సిద్ధంగా ఉండాలి. అమ్మాయి ఇంటిపేరు మార్చే హడావుడి వద్దు. పుట్టింటి పేరుతోనే పాస్‌పోర్టు, డిగ్రీలు ఉన్నప్పుడు దాన్ని కదిలించడం అనవసరం. అన్ని కాగితాల్లోనూ స్పెల్లింగ్ ఒకటే ఉందా లేదా అది చూడు. బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరు రాయకుండా వదిలేసిన ఊళ్ళు మనకి బోలెడు. అమ్మాయిదీ అలాగే ఉంటే పేరు ఎక్కించి కొత్తది తీసుకోండి. అసలు నమోదే కాకపోతే ఆ సంగతి ధ్రువీకరించే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తెచ్చుకుని, పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళ అఫిడవిట్లు, టెన్త్ మెమో దానికి జతచేయాలి. హెచ్4 ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టాలన్న నిబంధన 2025 డిసెంబరు 15న మొదలైంది, స్లాట్లు కూడా దూరం జరుగుతున్నాయి. కాబట్టి మ్యారేజ్ సర్టిఫికెట్ రాగానే డీఎస్-160 (వీసా అప్లికేషన్ ఫారం) నింపేయండి.

అన్నట్టు, అమ్మాయి ఎక్కడ పుట్టిందో అడిగావా? ఊరు కాదు, దేశం. వాళ్ళ నాన్న చాలాకాలం కువైట్‌లో పనిచేశారని మీ అమ్మ అంది. ఈ వరుసలో చూసేది పాస్‌పోర్టు ఏ దేశానిదని కాదు, ఏ దేశంలో పుట్టారని. ఆ అమ్మాయి కువైట్‌లో పుట్టి ఉంటే, ఇద్దరూ కలిసి ఆ దేశం కోటా వాడుకోవచ్చు. ఇండియా వరుసలో ఇన్నేళ్ళుగా నిలబడ్డవాడివి, ఒక్క బర్త్ సర్టిఫికెట్‌తో దాన్నుంచి బయటపడతావు. ఈ వారమే కనుక్కో. నిజమైతే లాయరుకి మొదట చెప్పాల్సింది అదే.

ఈ ఉత్తరం మీ అక్కకీ చూపించు. హైదరాబాద్‌లో పుట్టిన పెద్దవాడికి 21 దాటితే హెచ్4 పోతుంది, అక్కాబావల కేసు నుంచి కూడా జారిపోయే ప్రమాదం ఉంది. చిన్నది ఇక్కడే పుట్టింది కాబట్టి దానికి ఈ గొడవ లేదు. పెద్దవాడి వయసులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేసి లెక్కకడతారు. డేటు కరెంట్ అయ్యే రోజుకి వాడికి 21 ఏళ్ళ 5 నెలలు, ఐ-140 కి 8 నెలలు పట్టిందనుకో, 20 ఏళ్ళ 9 నెలల వాడిగానే చూస్తారు. వాడికి పెళ్ళి అయి ఉండకూడదు, డేటు కరెంట్ అయిన ఏడాదిలోపు అప్లై చేయాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఈ లెక్కకి ఫైనల్ యాక్షన్ డేట్ల చార్టే చూస్తున్నారు, ఫైలింగ్ చార్టు చూసి నిశ్చింతగా ఉండొద్దని బావకి చెప్పు. వాడికి ఎఫ్1 (స్టూడెంట్ వీసా) సంగతి ఇప్పటినుంచే ఆలోచించుకోవాలి.

ముహూర్తం తేలగానే ముందు నీ కంపెనీ లాయరుకి ఒక మెయిల్ పెట్టు, ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి. అత్తయ్యకీ నాకూ టికెట్లు చూసుకోవాలి.

ఇట్లు,
మీ మామయ్య