మొదటి పేజీ దాటని కథ
"మొదటి పేజీనే పదకొండుసార్లు తిరగరాశాను, కథ ముందుకు కదలట్లేదు" అన్నారు కదండీ. మీరు పెట్టిన ఆ పేజీ చదివాను. ఊరి వర్ణన, తాతల ఆస్తి, చెరువుగట్టు అన్నీ అయ్యాక చివరి లైన్లో రాజయ్య బస్సు దిగాడు. కథ అక్కడ మొదలైంది! పైదంతా కత్తిరించేయండి. గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' చూడండి: అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన మొగుడు "తలుపు! తలుపు!" అనడంతోనే ఎత్తుకున్నారు, వంశవృక్షం ఊసే లేదు. బస్సు దిగిన రాజయ్య ఎవర్ని చూసి మొహం తిప్పుకున్నాడో, చేతిసంచీ ఎందుకు వెనక్కి దాచాడో రాయండి. తప్పులుంటే ఉండనీండి. నేనైతే కథ పూర్తయ్యేదాకా మొదటి పేజీని సొరుగులో పడేస్తాను, కనబడితే చెయ్యి ఊరుకోదు మరి. ఆస్తి సంగతంటారా, అన్నదమ్ములు ఎదురుపడి నాలుగు మాటలనుకుంటే అదే బయటికొస్తుంది.