గసగసాల పాయసం తాగాక డ్రగ్ టెస్టా?

ప్రశ్న: దేవనహళ్లి దగ్గర విమానాల మరమ్మతు సంస్థలో టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. చేరేముందు డ్రగ్ టెస్టు చేయించుకోవాలన్నారు. ఆదివారం ఇంటి ఓనరు వాళ్ల గృహప్రవేశంలో గసగసాల పాయసం రెండు గ్లాసులు తాగాను. దగ్గుకి కోడీన్ ఉన్న సిరప్ కూడా వాడుతున్నాను. టెస్టు మంగళవారం. బాగా నీళ్లు తాగి వెళ్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. మూత్రం మరీ పలచగా ఉంటే అందులోని క్రియాటినిన్ (మూత్రంలో మామూలుగా ఉండే వ్యర్థం), సాంద్రత చూసి ల్యాబు పట్టేస్తుంది. లేనిపోని అనుమానం మీ మీదికి వస్తుంది. రోజూ తాగినన్ని నీళ్లే తాగండి.

గసగసాలు నల్లమందు మొక్క గింజలే. కాయలోని పాలు అంటుకోవడం వల్ల వాటి మీద కాస్త మార్ఫీన్ (నల్లమందులోని మత్తు పదార్థం) ఉంటుంది. కడిగి, వేయించి, ఉడికిస్తే చాలావరకు తగ్గుతుంది. మిగిలింది మామూలుగా ఒకటి రెండు రోజుల్లో మూత్రంలోంచి పోతుంది. ఉద్యోగుల పరీక్షల్లో అమెరికా 1998లో, మూత్రంలో మార్ఫీన్ ఇంతకు మించితేనే పాజిటివ్ అనే హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచడానికి ప్రధాన కారణం ఈ గింజలే. కాబట్టి పాయసం గురించి మరీ కంగారు పడక్కర్లేదు.

మీరు పట్టించుకోవలసింది సిరప్‌ని. కోడీన్ ఒంట్లో కొంత మార్ఫీన్‌గా మారుతుంది. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ స్క్రీనింగ్‌లో, అంటే తొలి పరీక్షలో, యాంఫెటమిన్ అనే మత్తుమందులా కనిపించినా, కన్ఫర్మేటరీ (నిర్ధారణ) పరీక్షలో విడిపోతుంది. కోడీన్ అలా కాదు. అది నిజంగానే ఉంది కాబట్టి రెండో పరీక్షలోనూ వస్తుంది. ఇవాళే డాక్టరును కలిసి, వేరే మందు కుదురుతుందేమో అడగండి. తేదీ, మోతాదు రాసిన మందుల చీటీ తీసుకెళ్లి, నమూనా ఇవ్వకముందే ఫారంలో రాయించండి. ఫలితం వచ్చాక చెబితే సాకులా వినిపిస్తుంది. నిద్రకు ఆల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్ వేసుకునేవాళ్లూ ఇలాగే ముందుగా చెప్పాలి. అవి బెంజోడయాజెపైన్లు అనే రకం మందులు, పరీక్షించే జాబితాలో ఉన్నాయి.

ఇంకొకటి: సీలు వేసి, మీరు సంతకం పెట్టేదాకా సీసా మీ కళ్ల ముందే ఉండాలి. లేబుల్ మీది నంబరు, ఫారం మీది నంబరు ఒకటేనా అని సరిచూసుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు పైలట్. హోలీకి స్నేహితులు భంగు ఇస్తే తాగాడట. లైసెన్సు పోతుందా?
– మహదేవపుర నుంచి ఒక అక్క

జవాబు: 2022 జనవరి 31 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం పైలట్లలో, ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే) సిబ్బందిలో ఏటా కనీసం 10 శాతం మందిని చెప్పాపెట్టకుండా పరీక్షిస్తారు. గంజాయి ఆనవాళ్లు కొవ్వులో నిలుస్తాయి. ఎప్పుడో ఒకసారి తీసుకున్నవారిలో కొన్ని రోజులు, అలవాటు ఉన్నవారిలో వారాల తరబడి బయటపడతాయి. స్క్రీనింగ్‌లో తేలితే వెంటనే డ్యూటీ ఆపేస్తారు. కన్ఫర్మేటరీలోనూ తేలితే మొదటిసారి డీఅడిక్షన్ కేంద్రానికి పంపుతారు. రెండోసారికి లైసెన్సు మూడేళ్లు సస్పెండ్, మూడోసారికి రద్దు. అయితే శిక్ష కంటే ముందు ఆలోచించాల్సింది ప్రయాణికుల గురించి. మత్తు దిగినట్టు అనిపించాక కూడా చురుకుదనం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఈ స్థితిలో విమానం ఎక్కకుండా, తానే సంస్థ డాక్టరుకు చెప్పమనండి.