మదింపు కార్యాలయంలో ముందుగా అడగవలసినది

నమస్కారం. ఇంటి పన్ను ఒక్కసారిగా పెరిగిందని, పన్ను కోసం ఆస్తి విలువ కట్టే మదింపు కార్యాలయానికి రెండుసార్లు వెళ్లినా సరైన జవాబు రాలేదని రాశారు. ఆ ఇబ్బంది నాకు బాగా తెలుసు. పన్ను ఎందుకు పెరిగిందని అడిగితే సాధారణంగా పొడి సమాధానమే వస్తుంది కాబట్టి, మీ ఆస్తి మదింపు వివరాల ప్రతి ఇవ్వమని రాతపూర్వకంగా కోరండి. అందులో నమోదైన విస్తీర్ణం, అంతస్తులు, కట్టిన సంవత్సరం, నివాసమా వాణిజ్యమా అన్న వినియోగం మీ దస్తావేజుతోనూ ఆమోదిత ప్లానుతోనూ సరిపోతున్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడండి, ఎందుకంటే కొలతల్లో దొర్లిన తప్పును సరిదిద్దించుకోవడం, నిర్ణయించిన విలువ మీద వాదించి గెలవడం కంటే చాలా తేలిక. తేడా ఉంటే మళ్లీ కొలవమని దరఖాస్తు ఇచ్చి, తేదీతో కూడిన రసీదు తప్పక తీసుకోండి. కొలతలన్నీ సరిగ్గానే ఉండి, పన్ను రేటే పెరిగి ఉంటే ఆ కార్యాలయం చేయగలిగింది తక్కువ. రేటును సాధారణంగా స్థానిక సంస్థ పాలక మండలి నిర్ణయిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. సిబ్బందితో మాటలు నడుస్తున్నంత మాత్రాన పన్ను మీద అప్పీలు చేసుకునే గడువు ఆగుతుందని అనుకోవద్దు. మీకు వచ్చిన పన్ను నోటీసులో ఉన్న చివరి తేదీలోపే అప్పీలు దాఖలు చేయండి, అది తేలేవరకు పన్ను కట్టాలా వద్దా అన్నది కూడా అప్పుడే రాతలో అడిగి తెలుసుకోండి.