జేజు నారింజలు, మా నల్గొండ బత్తాయిలు
(పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

పోయిన సంచికలో కొరియన్ డ్రామాల గురించి నాలుగు మాటలు రాసి, మీరేం చూస్తున్నారో చెప్పమన్నాను. నల్గొండ, సూర్యాపేట, పాలమూరు, గద్వాల వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. రెండింటికి మాత్రం కాస్త పెద్ద జవాబే రాశాను, అవి నన్ను చాలా రోజులు వదల్లేదు.

నకిరేకల్ నుంచి ఒక చెల్లెలు: అక్కా, మీరు మెచ్చుకున్నారని 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్' మొదలుపెట్టాను. రెండు ఎపిసోడ్లకే నిద్రొచ్చింది. ఆ పిల్ల క్యాబేజీలు అమ్మడం, ఆ పిల్లాడు నోరు తెరవకపోవడం. ఇందులో అంత గొప్పేముంది?

చెల్లీ, ఒక్కసారి వెనక్కి వెళ్లి చూడు. క్యాబేజీలు అమ్మేది ఆ పిల్ల కాదు. బేరం చూసుకునేది ఆ పిల్లాడు, గ్వాన్‌సిక్. ఆ పిల్ల ఏసున్ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటుంది. కవయిత్రి కావాలనుకున్న పిల్లకు చదువుకునే వీలు చేసిపెట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోని పిల్లాడతను. అతను నోరు తెరవడం లేదని నీకు విసుగొచ్చింది. నేను అతని చేతులు చూస్తూ కూర్చున్నాను.

ఈ డ్రామా 2025 మార్చిలో వారానికి నాలుగు ఎపిసోడ్ల చొప్పున నాలుగు వారాలు వచ్చింది. మొత్తం 16. నువ్వు వరసపెట్టి చూడకు. రోజుకు ఒకటి, కుదిరితే రెండు రోజులకొకటి చూడు. తీసింది 'మై మిస్టర్' తీసిన కిమ్ వన్‌సక్. ఆయన ఏ సీన్‌నూ తరిమి తరిమి నడిపించడు.

నాకు మనసులో నాటుకున్న సీన్ చెబుతాను. ఏసున్ కోడలిగా వెళ్లిన ఇంట్లో మగవాళ్లది ఒక బల్ల, ఆడవాళ్లది వేరే బల్ల. గ్వాన్‌సిక్ మగవాళ్ల బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. ఉన్నట్టుండి కూర్చున్నచోటే అటు తిరుగుతాడు, వాళ్లకు వీపు పెట్టి, పెళ్లాం వైపు ముఖం పెట్టి అన్నం తింటాడు. ఒక్క మాట అనడు. నేను 1990ల్లో చండూరు వైపు కోడలిగా వెళ్లిన ఇంట్లో మొదలు మగవాళ్లు, తర్వాత పిల్లలు, ఆఖరుకు మేము. అప్పటికి గిన్నెలో కూర అడుగంటి ఉండేది. పచ్చిపులుసు మాత్రం మిగిలేది. ఆ పదేళ్లలో ఒక్కరోజైనా ఒక్కరైనా మా వైపు తిరిగి "మీకు కూర మిగిలిందా" అని అడిగి ఉంటే బాగుండేది. ఆ సీన్ దగ్గర టీవీ ఆపేసి, వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఇక నారింజల సంగతి. కథ జరిగేది కొరియాకు దక్షిణాన ఉన్న జేజు దీవిలో. నారింజ తోటలకు పేరుపడ్డ దీవి అది. అక్కడ ఒకప్పుడు నారింజ చెట్టును 'కాలేజీ చెట్టు' అనేవాళ్లు. ఇంటి దగ్గర నాలుగు చెట్లుంటే ఒక బిడ్డ పెద్ద చదువు గట్టెక్కుతుందని ఆ పేరు. ఈ మాట తెలిసిన రోజు మా నాయన గుర్తొచ్చి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. నా బీఈడీ ఫీజు కట్టింది మా రెండెకరాల బత్తాయి తోట. కాయ తెంపే రోజుల్లో మా అమ్మ ముంజేతుల నిండా ముళ్లు గీరిన గీతలు. సాయంత్రం వాటికి కొబ్బరినూనె రాసుకుంటూ, సేటు సూట్ (తరుగు) పేరుతో టన్నుకు ఎంత కోసుకున్నాడో వేళ్ల మీద లెక్కపెట్టేది. తర్వాత కరువు వచ్చింది. బోర్లు ఎండిపోయాయి. చెట్లను బతికించాలని ట్యాంకర్లతో నీళ్లు పోసి, ఆ ట్యాంకర్ల కోసం అమ్మ మెడలో నాను అమ్మారు. చెట్లు దక్కలేదు. డ్రామాలో కూతురు జపాన్‌లో చదువుకోవడానికి ఏసున్, గ్వాన్‌సిక్ ఉన్న ఇల్లు అమ్ముతారు. ఆ కూతురికి అమ్మానాన్నల మీద ప్రేమ ఎంతో, ఆ అప్పు మోస్తున్నానన్న చిరాకూ అంతే. ఆ చిరాకును దాచకుండా చూపించారు. నేనూ అలాగే చిరాకుపడ్డ కూతుర్ని, అందుకే అది నిజమని చెప్పగలను.

ఏసున్ తల్లి హేన్యో. అంటే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తగుల్లలు ఏరుకొచ్చే ఆడది. పైకి తేలి ఊపిరి వదిలేటప్పుడు ఈల లాంటి చప్పుడొస్తుంది. దానికి సుంబిసోరి అని పేరు. ఆ తల్లి ముప్పై నిండకుండానే పోతుంది. హేన్యోల సంస్కృతిని 2016లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఇప్పుడు నీళ్లలో దిగేవాళ్లలో ఎక్కువమంది ముసలమ్మలే.

ఇంకొక్కటి. కొరియన్‌లో ఈ డ్రామా పేరు 'పొక్సక్ సొగత్సుద'. అది జేజు మాట. సియోల్ వాళ్లకు సూటిగా అర్థం కాదు. "చాలా కష్టపడ్డారు" అని దాని అర్థం. జేజు మాటను చచ్చిపోతున్న భాషల లెక్కలో వేసింది యునెస్కో. మన యాసను సినిమాల్లో రౌడీలకూ పనివాళ్లకూ పెట్టిన రోజులు చూసినదాన్ని నేను. ఒక యాస మాటను ఇంత పెద్ద డ్రామాకు పేరుగా పెట్టారంటే నాకు ఎంత సంతోషమో నువ్వే ఊహించుకో.

మూడో ఎపిసోడ్ నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఇల్లుగలామె రాత్రిపూట వీళ్ల బియ్యం కుండలో చప్పుడు కాకుండా బియ్యం పోసి వెళ్లే చోటికి వచ్చాక నాకు ఉత్తరం రాయి.

మహబూబ్‌నగర్ నుంచి ఒక తండ్రి: మేడం, మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఏడుగురు కొరియా కుర్రాళ్ల పాటల బృందం బీటీఎస్ కచేరీ సినిమా ఏది వచ్చినా హైదరాబాద్ తీసుకెళ్లమని ప్రాణం తీస్తోంది. ఫోన్‌లో దొరికే పాటల కోసం రానూపోనూ రెండొందల కిలోమీటర్లు తిరగాలా? డబ్బు కాదు, ఆ పిచ్చి చూస్తేనే టెన్షన్.

అన్నా, తీసుకెళ్లండి. బయట షాపింగ్ మాల్‌లో కూర్చోకుండా మీరూ టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లండి.

2023 ఫిబ్రవరిలో 'బీటీఎస్: యెట్ టు కమ్ ఇన్ సినిమాస్' వచ్చినప్పుడు మా అమ్మాయి నన్ను అలాగే లాక్కెళ్లింది. అది 2022 అక్టోబర్ 15న బూసాన్ స్టేడియంలో జరిగిన కచేరీ. జనం దగ్గర టికెట్ డబ్బులు తీసుకోలేదు. బూసాన్‌కు 2030 వరల్డ్ ఎక్స్‌పో రావాలని ఊరి తరఫున చేసింది. రెండు రోజుల తర్వాత, ఏడుగురూ వరసగా మిలటరీ సర్వీసుకు వెళ్తారని కంపెనీ ప్రకటించింది. మేము థియేటర్లో కూర్చునే నాటికి అందరికన్నా పెద్దవాడు జిన్ అప్పటికే మిలటరీలో ఉన్నాడు.

హాల్లో అంతా పదిహేను నుంచి పాతికేళ్ల లోపు ఆడపిల్లలు. నా పక్క సీట్లో కాలేజీ బ్యాగు ఒళ్లో పెట్టుకున్న ఒక పిల్ల. అభిమానులు కచేరీలో ఊపే దీపం కర్ర కొనే స్థోమత లేదేమో, ఫోన్ టార్చికి ఊదారంగు జిగేల్ కాగితం రబ్బరు బ్యాండుతో కట్టుకుని వచ్చింది. పాట మధ్యలో ఏడుగురి పేర్లూ వరసగా, ఒక్క గుక్కలో, హాలంతా ఒకే గొంతుతో అరిచారు. మా దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద జనం "ఓ లింగా" అన్నప్పుడు వీపు మీద వెంట్రుకలు లేస్తాయి చూడండి, అచ్చం అలాగే అయింది నాకు. పాట అయిపోయాక తెర మీద ఆ పిల్లలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. నుదుటి నుంచి చెమట కారుతోంది. ఫోన్‌లో అది కనపడదు. వాళ్లది కూలి పని అంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. మీ అమ్మాయి ఇష్టపడేది మేకప్ వేసిన ముఖాలనే అని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఆ రొప్పును కూడా ఇష్టపడుతోందేమో ఒకసారి అడగండి.

కచేరీ సినిమాలన్నీ బాగుంటాయని అనను. 2024లో వచ్చిన, కొరియా ఆడపిల్లల బృందం బ్లాక్‌పింక్ 'బార్న్ పింక్' నాకు అందలేదు. కెమెరా ఎవరి మీదా నిలవదు. ఎవరు ఏం పాడుతున్నారో పట్టుకునేలోపు మారిపోతుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన, బీటీఎస్‌లోని సుగా 'అగస్ట్ డి టూర్ డి-డే' సినిమా మాత్రం రెండోసారి చూడమన్నా చూస్తాను. అందులో స్టేజీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కచేరీ నడుస్తున్నకొద్దీ ఒక్కో ముక్కా గొలుసులతో పైకి లేచిపోతుంది. అతనికి నిలబడే చోటు తగ్గుతూ తగ్గుతూ, చివరికి స్టేజీయే ఉండదు. నేల మీద నిలబడి పాడతాడు. పేరు, డబ్బు వచ్చిన మనిషి భయం ఎలా ఉంటుందో ఒక్క డైలాగు లేకుండా అర్థమైంది.

అసలు కచేరీ నుంచి నేరుగా థియేటర్‌కు వచ్చే లైవ్ వ్యూయింగ్‌లు కూడా ఉంటాయి. 2022 మార్చిలో సియోల్‌లో బీటీఎస్ కచేరీకి కోవిడ్ నిబంధనల వల్ల జనం అరవకూడదన్నారు. అంత స్టేడియంలో చప్పట్లు మాత్రమే. ఆ చప్పట్ల శబ్దం వినండి అన్నా, ఎక్కడైనా దొరికితే.

టికెట్ మామూలు సినిమా కంటే ఎక్కువే ఉంటుంది. నాలుగైదు రోజులకు మించి ఆడదు, కాబట్టి ముందే బుక్ చేయండి. మ్యాట్నీకి వెళ్తే రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరతారు.

జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు: 'స్క్విడ్ గేమ్' మూడో సీజన్ మీకు నచ్చిందా అక్కా? మా ఫ్రెండ్స్‌లో సగం సగం.

నచ్చలేదు తమ్ముడూ. అప్పుల్లో మునిగినవాళ్లు డబ్బు కోసం ప్రాణాలు పణంగా పెట్టి పిల్లల ఆటలు ఆడే కథ అది. మొదటి సీజన్ (2021)లో నాకు అన్నిటికన్నా గట్టి ఎపిసోడ్ రెండోది, ఆటే లేనిది. ఓటేసి బయటపడ్డవాళ్లు ఇళ్లకు వెళ్తారు, బయటి బతుకు చూసి తమంతట తామే తిరిగొస్తారు. ఆ అప్పులు, ఆ ఇళ్లు తర్వాతి సీజన్లలో పలచబడ్డాయి. ఆటలు పెరిగాయి, మనుషులు తగ్గారు.

నీది జడ్చర్ల కాబట్టి అలీ గురించి చెప్పాలి. పాకిస్తాన్ నుంచి వచ్చిన కూలీ. నెలల తరబడి జీతం ఇవ్వని యజమాని దగ్గరికి వెళ్లి నా డబ్బులు నాకివ్వండని అడుగుతాడు. ఆ పాత్ర వేసింది ఢిల్లీలో పుట్టిన అనుపమ్ త్రిపాఠి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయికి, పుణెకి పోయిన మన పాలమూరు మనుషులు, లెక్క తేల్చకుండా తిప్పుకునే మేస్త్రీ ముందు అలాగే నిలబడతారు, చేతులు కట్టుకుని, గొంతు పెంచకుండా. అలీ ఒక చదువుకున్న మనిషిని 'సార్' అని పిలుస్తుంటే, అతను 'హ్యంగ్' అని పిలువు అంటాడు. హ్యంగ్ అంటే అన్న. తర్వాత గోలీల ఆటలో ఆ అన్నే మోసం చేస్తాడు. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఇలాంటి వరసలను మాటిమాటికీ మింగేసి ఉత్త పేర్లు వేస్తాయి. 'అన్న' అన్నవాడి చేతిలో మోసపోవడం ఎలా ఉంటుందో తెలుగువాడికి వేరే చెప్పాలా?

సూర్యాపేట నుంచి ఒక అమ్మ: నాకు ఇంగ్లిష్ రాదు. మనవరాలు చూస్తుంటే పక్కన కూసుంట. వాళ్లు "అప్పా" అంటుంటే మన మాటే అనిపిస్తది. నాసొంటిదానికి ఏది మంచిది?

అమ్మా, అప్పా అంటే వాళ్లకు నాన్న. మన నారాయణపేట వైపు కన్నడం మాట్లాడే ఇళ్లల్లోనూ అంతే కదా. తల్లిని "ఒమ్మా" అంటారు. పెద్దలతో ఒక తీరు, చిన్నవాళ్లతో ఒక తీరు మాట్లాడతారు, మన 'మీరు', 'నువ్వు' లాగ. వాక్యంలో క్రియ మనలాగే చివర్న వస్తుంది. అందుకే మీ చెవికి దగ్గరగా ఉంది.

'రిప్లై 1988' పెట్టమనండి. సియోల్‌లో ఒక గల్లీ, అయిదు ఇళ్లు. మొదట్లోనే పొద్దుగూకే వేళ ఒక సీన్ ఉంది. ఒక తల్లి పిల్లాడి చేతికి కూర గిన్నె ఇచ్చి పక్కింటికి పంపుతుంది. ఆ ఇంటామె ఖాళీ గిన్నె పంపదు, తను వండింది పెట్టి పంపుతుంది. పిల్లలు గిన్నెలు పట్టుకుని గల్లీలో ఎదురెదురు పడుతుంటారు. దానికి సబ్‌టైటిల్ అక్కర్లేదు.

వనపర్తి నుంచి, ఇప్పుడు అశోక్‌నగర్ హాస్టల్లో ఉన్న ఒక చెల్లెలు: గ్రూప్స్‌కు మూడేళ్లుగా చదువుతున్నాను. రాత్రి ఒక ఎపిసోడ్ చూస్తే తప్పు చేసినట్టు ఉంటుంది. ఏదైనా చిన్నది చెప్పండి.

12 ఎపిసోడ్లే ఉన్న 'అవర్ అన్‌రిటెన్ సియోల్' (2025) చూడమ్మా, ఆదివారానికొకటి. పార్క్ బోయంగ్ కవల అక్కచెల్లెళ్లుగా రెండు పాత్రలూ తనే వేసింది. ఒకరు సియోల్‌లో ఉద్యోగం, ఇంకొకరు ఊళ్లో దొరికిన పనల్లా చేస్తుంటారు. ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. ఊళ్లో ఉన్న మీజీ ఒకప్పుడు పరుగు పందెం పిల్ల. కాలికి దెబ్బ తగిలాక మూడేళ్లు గదిలోంచి బయటికి రాలేదు. తలుపు బయట వాళ్ల అమ్మమ్మ ఉంటుంది. బయటికి రమ్మని గదమాయించదు, ఎందుకిలా అయ్యావని అడగదు. నీకు అలాంటి మనిషి ఒకరు ఇంటి దగ్గర ఉంటే ఈ రాత్రి ఫోన్ చెయ్యి. చదువు గురించి మాట్లాడకు, ఏం వండారో అడుగు.

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు: పోయిన నెల మీరు 'మై మిస్టర్' 20 ఎపిసోడ్లని రాశారు. 16 కదా?

అవునమ్మా, 16. 2018లో వచ్చింది. నేను 'రిప్లై 1988' లెక్క దీనికి రాశాను. సరిచేసినందుకు సంతోషం. అందులో రైలు పట్టాల పక్కన బారులో ముగ్గురు అన్నదమ్ములు కలిసి తాగి ఇంటికి నడిచే రాత్రుల గురించి వచ్చే నెల రాస్తాను. అప్పటిదాకా చూసినవాళ్లు ఎవరైనా, ఆ ముగ్గురిలో మీకు ఎవరి మీద ఎక్కువ జాలి కలిగిందో రాయండి.